పాసంగం

శనివారాల్లో నేను రెండు దుకాణాల లెక్కలు రాస్తాను.
గన్‌సుఖ్‌ది టైర్ల షెడ్డు.
అతని భార్య సొలొంగోది ఉన్ని జోళ్ళ కార్ఖానా.
మధ్యలో ఒకే గోడ, ఒకే పొగగొట్టం.
ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండ మీద
జనవరి పొద్దున్నే బొగ్గు పొగ లేచి
ఎక్కడికీ పోలేక
మా గొంతుల్లోకి వచ్చి కూర్చుంటుంది.

ఉన్ని తూచడానికి ఆమెకొక పాత త్రాసు ఉంది.
కుడి పళ్ళెం అంచు ఎప్పుడో విరిగింది.
బాగుచేయించే తీరిక లేక
దాని కింద ఒక రాయి కట్టింది,
వాగులో దొరికిన కోడిగుడ్డంత రాయి.
పాసంగం.
దానివల్లే ముల్లు నిటారుగా నిలుస్తుంది.
దాన్ని మాత్రం ఎవరూ తూచరు.

అక్టోబరులో ఇద్దరూ అప్పుకు వెళ్ళారు,
కాగితాల సంచీ మోస్తూ వెనక నేను.
ఒకే బల్ల, ఒకే ఆఫీసరమ్మ.
బల్ల మీద ఆమె కూతురి ఫోటో, ముందుపళ్ళు ఊడిన నవ్వు.
అతన్ని అడిగింది: "వచ్చే ఏడు ఎంత పెంచుతావు?"
సొలొంగోని అడిగింది: "పిల్లల్ని ఎవరు చూస్తారు?"
సంచీ అంతా వెతికాను.
ఆ ప్రశ్నకు కాగితం తేలేదు మేము.
అతనికి అడిగినంతా వచ్చింది.
ఆమెకు సగం.

జర్మనీ ఆర్డరు ఆరు వందల జతలు.
సబ్బునీళ్ళలో ఉన్ని పిసికి పిసికి
ఆమె వేళ్ళ సందులు పాలిపోయి పగిలాయి.
చంటివాడు తెమూలెన్
కత్తిరింపు బల్ల కింద అట్టపెట్టెలో పడుకుంటాడు.
ఫోన్లో కొనుగోలుదారు ముఖం కనబడగానే
కాలితో పెట్టెను మెల్లగా లోపలికి తోస్తుంది,
ధర చెబుతూనే,
గొంతు తొణక్కుండా.

గన్‌సుఖ్ చెడ్డవాడని రాయను.
ఒక్క వరుస చూసి మొత్తం చెప్పే అలవాటు నాకు లేదు.
టీకా రోజున షెడ్డు మూసి
పిల్లాణ్ణి కోటు లోపల పెట్టుకుని
మంచులో బస్సు కోసం నిలబడ్డది అతనే.
పనివాళ్ళతో మాత్రం
"కస్టమ్స్‌లో సామాను ఆగింది" అన్నాడు.
ఆ రోజు రాబడి సున్నా.
కారణం గడిలో నేనూ కస్టమ్స్ అనే రాశాను.

డాక్టరు సొలొంగోకి నిద్ర రాసిచ్చింది.
ఏ షాపులో అమ్ముతారో రాయలేదు.

మార్చి ఎనిమిదిన జిల్లా వాళ్ళు పలక ఇచ్చారు:
పనినీ ఇంటినీ సరితూచిన మహిళ.
మైకు పట్టుకున్న కుర్రాడు రహస్యం అడిగాడు.
ఆమె నోరు తెరిచి ఆగింది.
తలుపు దగ్గర నోమిన్ నిలబడి ఉంది,
పదకొండేళ్ళ పిల్ల,
చంకలో తమ్ముడు,
చేతిలో మడత విప్పని లెక్కల పుస్తకం.
మోసీ మోసీ
నడుము ఒకపక్కకు వంగడం అలవాటైపోయింది పిల్లకి.

"ఈ వారం బడికి ఎన్ని రోజులు వెళ్ళావే?"
కెమెరా నడుస్తుండగానే అడిగింది తల్లి.
పిల్ల వేళ్ళు చూపించింది.
రెండు.

తరువాతి శనివారం నేను వెళ్ళేసరికి
రాయి నా బల్ల మీద ఉంది, తాడుతో సహా.
"కొత్త పేజీ తియ్యి, పైన నోమిన్ అని రాయి" అంది.
"జీతమా?" అన్నాను.
"గంటలు.
నా ఖాతాలో సగం వెయ్యి,
సగం గోడ అవతల."

గోడ పల్చన.
అవతల టైరు దించిన చప్పుడయింది.
ఆ తరవాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.
పొయ్యి మీద ఉప్పు టీ పొంగి
ఆరిపోబోయి, మళ్ళీ అంటుకుంది.
తలుపు తోసుకుని గన్‌సుఖ్ వచ్చాడు.
గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ
"ఎన్ని గంటలు?" అని అడిగాడు.

ఎవరికీ తెలియదు.
నోమిన్‌ని పిలుద్దామంటే
బడికి వెళ్ళింది.

ఆమె వచ్చేదాకా పేజీ ఖాళీగానే ఉంచాను.
కిటికీ దగ్గర త్రాసు
ఉన్న వంకరతో
ఒకవైపు ఒరిగి ఉంది.